చెంగు అంటే చీరకొంగు కాదర్రా

చిన్నీకి, బాబుకి,

అమ్మమ్మ ముద్దులు.

మొన్న ఫోనులో రక్తస్రావం గల స్త్రీ కథ, అదే, జనంలో యేసు బట్ట ముట్టి ఆమె బాగుపడ్డ కథ చెబుతూ "వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రపు చెంగు ముట్టింది" అన్నానో లేదో, బాబు అడ్డం తగిలాడు: "యేసయ్య చీర కట్టుకునేవాడా అమ్మమ్మా?" మీ అమ్మ వాణ్ణి కసిరింది. నాకు మాత్రం ఆ రాత్రంతా నవ్వే. ఇన్నేళ్లు సండేస్కూల్లో ఈ కథ చెప్పాను, ఆ చెంగేమిటని ఒక్క పిల్లా అడగలేదు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

బైబిలు తీసి సంఖ్యాకాండం 15వ అధ్యాయం చివర చూడండి. ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు కట్టుకోవాలి, ఆ కుచ్చులకు ఒక నీలి దారం ఉండాలి అని మోషేకు దేవుడు చెప్పాడు. ఎందుకట? వాటిని చూసినప్పుడల్లా ఆజ్ఞలు గుర్తుకు రావాలని. నేను మరచిపోకూడని పని ఉంటే కొంగున ముడేసుకుంటానే, అలాంటిదే అనుకోండి. కాకపోతే నా ముడి సాయంత్రానికి విప్పేస్తాను, వాళ్లది తరతరాల ముడి. ద్వితీయోపదేశకాండం 22లో ఇంకొంచెం వివరంగా ఉంది: కప్పుకునే బట్ట నాలుగు మూలలకూ ఉండాలట.

యేసు యూదుడు కదా. ఆయన పైబట్టకూ అవే కుచ్చులు. మత్తయి, లూకా తమ సువార్తలను గ్రీకులో రాస్తూ "చెంగు" అన్నచోట వాడిన మాట, సంఖ్యాకాండపు పాత గ్రీకు అనువాదంలో ఈ కుచ్చులకు వాడిన మాటే. మన తెలుగు బైబిల్లో అక్కడ కుచ్చులు అని, ఇక్కడ చెంగు అని పడింది. అందుకే రెండూ ఒకటేనని మనకు తట్టదు. ఇంకో సంగతి: సండేస్కూలు బొమ్మల్లో ఆ స్త్రీ నేలమీద పాకుతూ యేసు పాదాల దగ్గరి అంచు పట్టుకుంటుంది చూశారా? కుచ్చులు వేలాడేది పైబట్ట మూలలకు. జనంలో వెనక నిలబడి చెయ్యి చాపినా అందుతాయి. పాకితే ఆ తొక్కిసలాటలో నలిగిపోయేది పాపం!

కుచ్చులు మరీ పొడుగ్గా పెంచుకుని తిరిగేవాళ్లను యేసు మందలించాడు (మత్తయి 23). ఆయన కోపం పదిమందికీ చూపించుకోవడం మీదే, కుచ్చుల మీద కాదు. తనకూ ఉన్నాయిగా.

ఇప్పుడు నాకు భలే ఇష్టమైన ముక్క. బట్ట మూలకు హెబ్రీలో "కానాఫ్" అంటారు. పక్షి రెక్కకూ అదే మాట. రూతు గ్రంథంలో, రూతు పరిగె ఏరుకున్న పొలం యజమాని బోయజు ఆమెతో, నువ్వు దేవుని రెక్కల కిందికి వచ్చావమ్మా అంటాడు. తర్వాతి అధ్యాయంలో రూతు, నీ కొంగు నామీద కప్పు అని అడుగుతుంది, అంటే నన్ను పెళ్లాడమని. రెండుచోట్లా ఒకే మాట. ఆయన మాటను ఆయనకే అప్పజెప్పింది, గడుసుది! ఇక మలాకీ ప్రవక్త గ్రంథం 4వ అధ్యాయం: నీతి సూర్యుడు ఉదయిస్తాడు, అతని రెక్కల్లో ఆరోగ్యం ఉంటుంది. అక్కడా ఇదే "కానాఫ్". ఆ స్త్రీ మలాకీని తలచుకునే చెయ్యి చాపిందని సువార్తల్లో ఎక్కడా లేదు, నేనూ అలా చెప్పను. కానీ లేఖనాలు వింటూ పెరిగినవాళ్లు ఈ కథ వింటే ఆ రెక్కలు గుర్తుకు రాకుండా ఉంటాయా?

చిన్నీ, నువ్వడిగింది మరిచిపోలేదు. ఆమె ఎందుకు దాక్కుని వచ్చింది? లేవీయకాండం 15 ప్రకారం రక్తస్రావం ఉన్నంతకాలం ఆమెకు మైల. ఆమె పడుకున్న మంచం, కూర్చున్న చోటు ముట్టినవాళ్లు బట్టలు ఉతుక్కుని, స్నానం చేసి, సాయంత్రం దాకా ఆగాలి. మైల అంటే పాపం కాదు. బిడ్డను కన్నా మైలే, శవాన్ని ముట్టినా మైలే. మరియమ్మ కూడా యేసును కన్నాక శుద్ధి దినాలు గడిచి దేవాలయానికి వెళ్లింది. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లకు ధర్మశాస్త్రం రెండు పక్షులు చాలంది. లూకా 2లో రాసి ఉన్నది ఆ పక్షుల సంగతే. మన ఊళ్లల్లో పుట్టుకతో అంటగట్టి తరాల తరబడి ఈడ్చిన అంటరానితనంతో దీన్ని కలపకండి. ఇది ఎవరికైనా వస్తుంది, పోతుంది. ఈమెకే పన్నెండేళ్లు పోలేదు. వైద్యులకు ఉన్నదంతా పెట్టింది, దేవాలయానికి వెళ్లే వీలూ లేదు.

కొందరు బోధకులు ఆమెను రాళ్లతో కొట్టేవాళ్లని ఊరికే బెదిరిస్తుంటారు. ధర్మశాస్త్రంలో అలాంటి శిక్ష లేదు. కథలో ఆమెను తిట్టినవాళ్లు కూడా ఒక్కరు లేరు. యూదుల్ని చెడ్డవాళ్లను చేస్తే గానీ యేసు మంచివాడు కాడన్నట్టు చెబుతారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచాడు. అప్పుడు ఆయన వెళుతున్నది సమాజమందిరపు అధికారి యాయీరు కూతురి కోసం. ఆ పిల్లకూ పన్నెండేళ్లే. ఈమెకు జబ్బు మొదలైన రోజుల్లోనే పుట్టిందన్నమాట. ఆయన వెళ్లేసరికి పిల్ల చనిపోయింది. శవాన్ని ముడితే ఏడు రోజుల మైల (సంఖ్యాకాండం 19). అయినా ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతా కుమీ" అన్నాడు. అది వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే అరామిక్ భాష. చిన్నదానా, లే అని. లేచాక ఆయన చెప్పిన పని ఏమిటో తెలుసా? పిల్లకు తినడానికి ఏమైనా పెట్టండి అని.

బాబూ, నువ్వు గీస్తానన్న బొమ్మ ఇంకా పంపలేదు. నాలుగు మూలలకూ కుచ్చులు వెయ్యి. అన్నీ తెల్లగా ఉంచి, ఒక్కో కుచ్చులో ఒక్క దారం మాత్రం నీలం. ఆ నీలాన్ని సముద్రపు నత్తల నుంచి తీసేవాళ్లని చాలామంది పండితులంటారు. బాగా ఖరీదట. నువ్వు మాత్రం నీ క్రేయాన్ తోనే వెయ్యి.

మీ అమ్మమ్మ