పాత ఫారిన్ కారు కొనేముందు: షెడ్డులో వినే అపోహలు

రొయ్యలకు మంచి రేటు పలికిన ఏడాది కావలి వైపు నుంచి, గ్రానైట్ బాగా నడిచిన ఏడాది చీమకుర్తి వైపు నుంచి నెల్లూరులోని నా షెడ్డుకు పాత బెంజులు, బీఎమ్‌డబ్ల్యూలు వస్తుంటాయి. బండి చూడమంటారు. నేను ముందు కాగితాలు అడుగుతాను. అక్కడే కొందరికి కోపం వస్తుంది.

అపోహ: కువైట్‌లో బావమరిది వాడే కారును ఓడెక్కించి కృష్ణపట్నంలో దించుకోవచ్చు.

కుదరదు. కువైట్ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దిగుమతి నిబంధనల ప్రకారం సెకండ్ హ్యాండ్ కారుకు స్టీరింగ్ కుడివైపే ఉండాలి, తయారై మూడేళ్ళు దాటకూడదు, దిగేది ముంబయి రేవులోనే. అన్నీ సరిపోయినా సుంకం, జీఎస్టీ కలిపితే కారు ఖరీదును మించిపోతాయి.

అపోహ: బాగా పాతదైతే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు.

యాభై ఏళ్ళు దాటాలి. 1990 నాటిది వింటేజ్ కాదు, ఉత్త పాత కారు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేల రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో తీయాలి గానీ రోజూ ట్రంకు రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

అపోహ: ఏ ప్రీమియం పెట్రోలు పోసినా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) టెన్షన్ ఉండదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ప్రీమియం అనగానే చూసేది ఆక్టేన్ నంబరు. అది ఇంజిన్ నాకింగ్‌కు, అంటే లోపల టకటక కొట్టడానికి సంబంధించింది. ఇథనాల్ కలిస్తే ఆ నంబరు పెరుగుతుందే గానీ తగ్గదు. పాత కారుకు ఇబ్బంది రబ్బరుతో. ఇథనాల్ కోసం తయారు కాని పైపులు, కార్బురేటర్ గ్యాస్కెట్లు, పంపు డయాఫ్రం ఉబ్బుతాయి, తర్వాత పగుళ్ళిస్తాయి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన కొడితే ఆ బండిని స్టార్ట్ చేయకండి.

ఇంకొకటి, ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మనది సముద్రపు గాలి. కవరు కప్పి నెలల తరబడి ఉంచిన కారులో నీళ్ళు ట్యాంకు అడుగుకు చేరి తుప్పు మొదలవుతుంది. ట్యాంకులో పాత మడ్డి ఉంటే అది కదిలి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. కొనగానే ఇథనాల్‌ను తట్టుకునే వైటన్ రబ్బరు పైపులు వేయించి, ట్యాంకు కడిగించి, మొదటి ఫిల్టర్‌ను తొందరగా మార్చండి. కార్బురేటర్ బండి అయితే గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది కాబట్టి పెట్రోలును కొలిచి వదిలే జెట్లు కూడా చూడాలి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గిందని మెకానిక్‌తో గొడవపడి లాభం లేదు.

అమెరికా మాన్యువల్‌లో ఆక్టేన్ ‘91’ అని కనిపిస్తే మన లెక్కలో కూడా 91 పెట్రోలు సరిపోతుందనుకుంటారు. వాళ్ళ లెక్క వేరు. వాళ్ళ 91 మన లెక్కలో దాదాపు 95కి సమానం.

అపోహ: పాత ఇంజిన్‌కు సీసం కలిపిన పెట్రోలే పడుతుంది.

2000 నుంచి మన బంకుల్లో అది లేదు. సీసం కాపాడేది వాల్వ్ సీట్లను, కాబట్టి గట్టి సీట్లు వేయిస్తే సరి.

అపోహ: చెన్నైలోనో ఢిల్లీలోనో చవకగా దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు.

చవక ఎందుకైందో అడగండి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో చాలా కార్లు బయటి రాష్ట్రాలకు అమ్ముడయ్యాయి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే ‘అభ్యంతరం లేదు’ పత్రం) లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి, ఇక్కడ కట్టాల్సిన టాక్సు ఎంతో ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కోండి. విదేశం నుంచి నేరుగా వచ్చిన కారైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి కాగితం) తీసుకుని, అందులోని చాసిస్ నంబరును బండి మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.