డీఎన్ఏ కిట్ కొనాలా? అది ఏం చదువుతుందో ముందు చూడండి

జబ్బుల ముప్పునీ, పూర్వీకులనీ, డీఎన్ఏ కలిసే చుట్టాలనీ చెబుతామంటూ కంపెనీలు ఇంటికి పంపే ఉమ్మి పరీక్ష పెట్టె ఇది. విప్పితే ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మీద ఒక గీత, గరాటులాంటి మూత, బార్‌కోడ్ ఉంటాయి. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా, పళ్ళు తోముకోకుండా ఉండి ఆ గీత దాకా ఉమ్మాలి. సుమారు 2 మిల్లీలీటర్లు చాలు. నురుగు లెక్కలోకి రాదు. నురుగుతో గీత దాకా నింపి పంపితే, శాంపిల్ చాల్లేదు మళ్ళీ పంపండని కబురు రావచ్చు. మూత బిగించగానే అందులోని ద్రవం ఉమ్మిలో కలిసి డీఎన్ఏ చెడిపోకుండా కాపాడుతుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళు మాత్రం పంపకూడదు. ఉమ్మిలో రక్తకణాలు కూడా ఉంటాయి కాబట్టి వాళ్ళ ఫలితంలో దాత డీఎన్ఏ కలిసిపోతుంది.

అమెరికాలో ఇలాంటి కిట్ వంద డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, పండుగ తగ్గింపుల్లో దాదాపు సగానికే వస్తుంది. మన దగ్గర కొన్ని వేల నుంచి పాతిక వేలు దాటేదాకా రకరకాల ప్యాకేజీలున్నాయి. ధర సంగతి ఎలా ఉన్నా, ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ డబ్బుకి ల్యాబ్‌వాళ్ళు మీ డీఎన్ఏలో ఎంత చదువుతున్నారు?

మనిషి జన్యు సమాచారం సుమారు 310 కోట్ల అక్షరాలు. తక్కువ ధర కిట్లలో ఎక్కువ భాగం దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవవు. ముందే ఎంచిపెట్టుకున్న ఆరేడు లక్షల చోట్ల ఏ అక్షరం ఉందో చూస్తాయంతే. అంటే సగటున పదివేల అక్షరాలకి రెండు. ఈ పని చేసేది జీనోటైపింగ్ చిప్. దాని మీద ఒక్కో చోటుకి ఒక్కో ఎర ఉంటుంది. మీ డీఎన్ఏ ముక్క దానికి అతుక్కున్నాక వెలిగే రంగును బట్టి కంప్యూటర్ అక్షరాన్ని నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పెద్ద పొరపాట్లు పుట్టేది అక్కడే. వేలమంది ఫలితాలను ఒకే గ్రాఫ్ మీద చుక్కలుగా పెడితే అవి మూడు గుంపులుగా చేరతాయి (ప్రతి చోటుకీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి): మామూలు అక్షరం రెండు కాపీలున్నవాళ్ళు, మారిన అక్షరం ఒక కాపీ ఉన్నవాళ్ళు, రెండూ మారినవాళ్ళు. మార్పు జనంలో బాగా ఉన్నదైతే మూడు గుంపులూ స్పష్టంగా విడిపోతాయి, చిప్ తప్పు చేయడం అరుదు. మార్పు లక్షమందిలో ఒకరికే ఉంటే? రెండో గుంపు తయారవడానికి జనమే ఉండరు. మొదటి గుంపు అంచు నుంచి కాస్త పక్కకి జరిగిన చుక్కని కూడా కంప్యూటర్ 'మారిన అక్షరం' అనుకునే ప్రమాదం ఉంది.

ఇక లెక్క. చిప్ 99.99 శాతం కచ్చితంగా పనిచేస్తుందనుకుందాం, అంటే పదివేలమందిలో ఒకరి విషయంలోనే పొరపాటు. పది లక్షలమందిని పరీక్షిస్తే ఆ అరుదైన మార్పు నిజంగా ఉన్నవాళ్ళు పదిమంది, లేకపోయినా ఉందని చెప్పించుకున్నవాళ్ళు వందమంది. 'ఉంది' అని రిపోర్టు అందుకున్న 110 మందిలో నిజం పదిమందికే. 99.99 శాతం అన్న ప్రకటనలో అబద్ధం లేదు, అయినా ఆ రిపోర్టు పదకొండింట పదిసార్లు తప్పు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకు అనే ఆరోగ్య, జన్యు సమాచార భాండాగారంలో సుమారు 50 వేలమందికి చిప్ ఫలితాలూ, వరసగా అక్షరం వెంట అక్షరం చదివే సీక్వెన్సింగ్ ఫలితాలూ రెండూ ఉన్నాయి. వాటిని పోల్చి చూసిన అధ్యయనం 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో సంబంధమున్న బీఆర్‌సీఏ జన్యువుల్లో చిప్ పట్టిచ్చిన అరుదైన ప్రమాదకర మార్పుల్లో నిజమని తేలినవి 4 శాతం చిల్లర. కంపెనీలు విడిగా సరిచూసి అధికారికంగా ఇచ్చే రిపోర్టులు ఇంత అన్యాయంగా ఉండవు. ముప్పంతా చిప్ చదివిన అక్షరాలన్నీ సరిచూడకుండా ఉండే 'రా డేటా' ఫైలుతోనే. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, కొద్ది డాలర్లకే జబ్బుల జాబితా ఇచ్చే వేరే సైట్లలో పెట్టి, అందులో వచ్చిన ఎర్ర గుర్తు చూసి నిద్ర పోగొట్టుకునేవాళ్ళున్నారు. 2018లో ఒక క్లినికల్ ల్యాబ్ తన దగ్గరికి వచ్చిన ఇలాంటి మార్పులను మళ్ళీ పరీక్షిస్తే నూటికి నలభై అసలు లేవని తేలింది. ఆ ఫైలు ఆధారంగా ఆపరేషన్ సంగతి గానీ, మందు మానేసే సంగతి గానీ ఆలోచించవద్దు. క్లినికల్ ల్యాబ్‌లో, కొత్త శాంపిల్‌తో, సీక్వెన్సింగ్ ద్వారా మళ్ళీ చూపించుకోవాలి.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. 2018లో అమెరికాలో మందులకీ పరీక్షలకీ అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకోలుతో 23అండ్‌మీ అనే కిట్ కంపెనీ మొదలుపెట్టిన బీఆర్‌సీఏ రిపోర్టు చూసినవి మూడే మార్పులు, అవీ అష్కనాజీ (యూరప్ మూలాల) యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. 2023లో ఆ సంఖ్య 44కి పెరిగింది. ఈ జన్యువుల్లో ప్రమాదకరమని తెలిసిన మార్పులు వేలల్లో ఉన్నాయి. అమ్మకీ పిన్నికీ నలభై ఏళ్ళలోపే రొమ్ము క్యాన్సర్ వచ్చిన తెలుగమ్మాయికి 'ఏమీ కనబడలేదు' అని రిపోర్టు వస్తే, వెతకని చోట దొరకలేదనే దాని అర్థం. ఆమె వెళ్ళాల్సింది జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి. వీలైతే ముందు క్యాన్సర్ వచ్చిన మనిషికే పూర్తి జన్యు సీక్వెన్సింగ్ చేయించాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరిశోధన, పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ డయాగ్నస్టిక్స్ దానితో కలిసి పనిచేస్తుంది.

షుగర్, గుండెజబ్బు ముప్పును శాతాల్లో చెప్పే రిపోర్టులది వేరే కథ. ఇవి ఒక జన్యువును కాదు, వేల చోట్ల చిన్నచిన్న మార్పులను కూడి ఒక స్కోరు ఇస్తాయి. ఆ కూడికకి కావలసిన తూకాలను ఎక్కువగా యూరోపియన్ సంతతివాళ్ళ మీద కట్టారు. 2019లో వేసిన లెక్క ప్రకారం ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో సుమారు 79 శాతం వాళ్ళే. అదే స్కోరును దక్షిణాసియావాళ్ళకి వాడితే కచ్చితత్వం మూడో వంతుకు పైగా పడిపోయింది. షుగర్ సంగతి తెలుసుకోవడానికి కొలతల టేపు మేలు. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటిందా? అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా? ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చేయించారా? వీటికి జవాబులుంటే జన్యు స్కోరు మీకు కొత్తగా చెప్పేది బహు తక్కువ. గుండె విషయంలో పుట్టుకతో వచ్చే ముప్పే కొలవాలంటే లైపోప్రోటీన్ (ఏ) అనే రక్తపరీక్ష ఉంది. దాని స్థాయిని నిర్ణయించేది చాలావరకు జన్యువులే, జీవితంలో ఒకసారి చేయిస్తే దాదాపు సరిపోతుంది.

పూర్వీకుల శాతాల కోసం కొనేవాళ్ళు చాలామంది. మన ఇంటిపేరూ, ఊరూ, తాతల ఊరూ తెలిసినవాళ్ళకి వచ్చే జవాబు మామూలుగా 'దక్షిణ భారతం' అన్న దగ్గర ఆగిపోతుంది. కంపెనీ దగ్గరున్న నమూనా జనాభాతో మిమ్మల్ని పోల్చి చెప్పే అంచనా అది. నమూనా మారితే శాతమూ మారుతుంది, మీ డీఎన్ఏ మారకపోయినా. అసలు చరిత్ర కావాలంటే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ బృందంతో కలిసి 2009 నుంచి ప్రచురించిన పరిశోధనలు ఉన్నాయి. ఉత్తరాది, దక్షిణాది పూర్వీకుల రెండు మూలాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విస్తారంగా కలిసిపోయాయనీ, ఆ తర్వాత కులాల లోపలే పెళ్ళిళ్ళు బిగిసిపోయాయనీ అవి చూపించాయి.

ఆ బిగింపు వల్లే, డీఎన్ఏ కలిసే ఇతర వాడకందార్లను చూపే చుట్టాల జాబితా కూడా మనవాళ్ళకి తప్పుగా వస్తుంది. పెదనాన్న పిల్లలతో మనం పంచుకునే డీఎన్ఏ సగటున 850 సెంటీమోర్గాన్ల (డీఎన్ఏ ముక్కల పొడవుకి కొలమానం) చుట్టూ ఉంటుంది, అదీ కొన్ని పొడుగాటి ముక్కల్లో. తరతరాలుగా ఒకే వర్గంలో, పైగా మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో, ఏ దగ్గరి చుట్టరికమూ లేని ఇద్దరికి కూడా చిన్నచిన్న ముక్కలు బోలెడు కలుస్తాయి. కంప్యూటర్ అవన్నీ కూడి 'మూడో తరం చుట్టం' అనేస్తుంది. మొత్తం సంఖ్యను చూడకండి, అన్నిటికన్నా పొడుగైన ముక్క ఎంతుందో చూడండి. పది, పన్నెండు సెంటీమోర్గాన్ల ముక్కలే కుప్పగా ఉంటే అది పాత చుట్టరికపు నీడ. ఇంట్లో ఒకరికే చేయించగలిగితే అమ్మమ్మకో తాతయ్యకో చేయించడం మేలు, మనలో మిగలని ముక్కలు వాళ్ళలో ఉంటాయి.

ఒకరికి మాత్రం ఈ జాబితా విలువ కట్టలేనిది. పసితనంలో మన రాష్ట్రం నుంచి విదేశాలకు దత్తత వెళ్ళి, కాగితాల్లో కన్నవాళ్ళ పేరు లేని మనిషికి ఒక పినతల్లి కొడుకు దొరకడమంటే మామూలు మాట కాదు. ఇక్కడ కిట్లు వాడేవాళ్ళు తక్కువ కనుక మొదటి రోజే దొరక్కపోవచ్చు. ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళు చేరుతుంటారు, ఖాతా తెరిచి ఉంచాలి.

ఇక మేనరికం. మేనమామని చేసుకున్నప్పుడు పుట్టే బిడ్డ డీఎన్ఏలో సగటున 8వ వంతు, మేనబావని చేసుకున్నప్పుడు 16వ వంతు, రెండు వైపుల నుంచీ ఒకే కాపీ వస్తుంది. ఇద్దరిలోనూ దాగున్న ఒకే లోపం అక్కడ బయటపడుతుంది. బావామరదళ్ళ పెళ్ళిలో పుట్టుకతో వచ్చే సమస్యల ముప్పు మామూలుకన్నా సుమారు 2, 3 శాతం ఎక్కువ. పిల్లల్ని కనబోతున్న ఇలాంటి జంటకి జన్యు పరీక్ష నిజంగా పనికొస్తుంది. అది చిప్ కిట్ కాకూడదు, ఇద్దరికీ కలిపి సీక్వెన్సింగ్‌తో చేసే క్యారియర్ పరీక్ష కావాలి (తనకి జబ్బు లేకుండా, లోపమున్న ఒక కాపీని మోస్తున్నవాళ్ళే క్యారియర్లు). దానికన్నా ముందు చాలా చవకైనది ఇంకోటుంది: రకరకాల హిమోగ్లోబిన్లను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ పరీక్ష. హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా అనే రక్తహీనత జబ్బుకి క్యారియర్ అని అనుమానించాలి, సికిల్ సెల్ అనే ఎర్రకణాల జబ్బు కూడా అందులోనే కనిపిస్తుంది. ఐరన్ బాగా తక్కువున్నప్పుడు హెచ్‌బీఏ2 తగ్గి మామూలుగా కనబడవచ్చు, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా లెక్క తప్పుతుంది. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు ముప్పు. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడవచ్చు, కనుక పెళ్ళప్పుడే తెలిస్తే వ్యవధి ఉంటుంది.

తెలుగునేల మీద డీఎన్ఏ సమాచారం ప్రాణం కాపాడగల ఉదాహరణ ఆపరేషన్ థియేటర్లో ఉంది. గొంతులోకి గొట్టం వేయడానికి మత్తు డాక్టరు సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. కండరాలు క్షణాల్లో వదులై, పది నిమిషాల్లోపే తేరుకుంటాయి, రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము ఆ మందును విరిచేస్తుంది కాబట్టి. ఆ ఎంజైము లేనివాళ్ళకి ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు. వెంటిలేటర్ మీద ఉంచితే మనిషి తేరుకుంటారు, ముందు తెలియకపోతేనే ముప్పు. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. రెండు, మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమందితో మొదలై లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న ఫలితం ఇది, ఎవరి తప్పూ కాదు. దీనికి కిట్ అక్కర్లేదు. పురుగుమందు తాగిన కేసుల్లో ఆసుపత్రులు చేసే కోలినెస్టరేస్ రక్తపరీక్షే ఇక్కడా పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా అని అడిగి, మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.

చిప్ బాగా చదవగలిగే పనికొచ్చే సంగతి ఒకటుంది. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మందుని పనిచేయించే సీవైపీ2సీ19 జన్యువు మనవాళ్ళలో తరచు బలహీనంగా ఉంటుంది. బ్రిటన్‌లోని బంగ్లాదేశీ, పాకిస్తానీ సంతతిలో 57 శాతం మందికి కనీసం ఒక బలహీన కాపీ ఉందని తేలింది. మీ రిపోర్టులో ఇది ఉంటే గుండె డాక్టరుకి చూపించండి, మందు మాత్రం సొంతంగా ఆపకండి.

పిల్లల ఆటల ప్రతిభ చెబుతామనే ప్యాకేజీకి ఒక్క రూపాయి పెట్టవద్దు. ప్రతిభను గుర్తించడానికి ఈ పరీక్షలు పనికిరావని 2015లో క్రీడా జన్యుశాస్త్ర నిపుణులు ఏకాభిప్రాయంతో చెప్పారు. బిడ్డ కోరుకోని సమాచారాన్ని జన్మంతా బిడ్డ పేరు మీద దాచే హక్కు అమ్మానాన్నలకీ లేదు.

చివరగా డేటా. 2023లో దొంగలు, జనం వేరేచోట కూడా వాడిన పాస్‌వర్డులతో 23అండ్‌మీలో సుమారు 14 వేల ఖాతాలు తెరిచారు. చుట్టాల జాబితాల గుండా 69 లక్షలమంది సమాచారం వాళ్ళ చేతికి పోయింది. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నరమంది డీఎన్ఏ ఆస్తుల జాబితాలో చేరింది. మీరు పంపింది మీ ఒక్కరిదే కాదు, తోబుట్టువుదీ సగం. అమెరికాలో 2008 నాటి జీనా అనే జన్యు వివక్ష నిరోధక చట్టం ఆరోగ్య బీమాకీ ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకి ఇవ్వదు. మన 2023 డేటా చట్టంలో జన్యు సమాచారానికి ప్రత్యేక వర్గం లేదు.

ఇప్పటికే కిట్ వాడి ఉంటే వరుస ఇది. రా డేటా దించుకుని పాస్‌వర్డుతో దాచండి. పరిశోధనకి ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోండి. నిల్వ ఉంచిన ఉమ్మిని పారేయమని అడగండి. చుట్టాల జాబితా ఆపండి. ఆ తర్వాతే ఖాతా తొలగించండి, ముందే తొలగిస్తే మిగతా బటన్లు కనబడవు. ల్యాబ్ నిబంధనల వల్ల కొంత సమాచారం చెరగదు, అప్పటికే పూర్తయిన పరిశోధనల్లో కలిసిపోయిన మీ డేటా కూడా వెనక్కి రాదు.