జేబు కత్తి స్టీళ్ళు: అపోహలు - వాస్తవాలు, సానపట్టేవాడి వైపు నుంచి

కత్తులకి సాన పట్టడం, అడిగినవాళ్ళకి బ్లేడు గ్రైండ్ చేసివ్వడం నా పని. "ఏ స్టీలు మంచిదండీ" అనే మాట రోజూ వినాల్సిందే. దేంట్లో వాడతారు అని తిరిగి అడిగితే అట్టపెట్టెలు, తాళ్ళు, ప్లాస్టిక్ కవర్లు, ఎప్పుడైనా ఓ పండు అంటారు, అంటే అందరి పనీ ఇంచుమించు ఒకటే, కానీ స్టీలు పేర్ల మీద జరిగే వాదన మాత్రం తెగదు. అందులో నాకు తరచూ ఎదురయ్యేవి రాస్తున్నా.

అపోహ: ఖరీదైన స్టీలైతే ఎక్కువ పదునుగా ఉంటుంది

పదును వేరు, పదును నిలవడం వేరు. గడ్డం గీసుకునే బ్లేడు కన్నా పదునైన వస్తువు మామూలుగా ఇంట్లో ఇంకోటి ఉండదు, అది చూస్తే 13 శాతం క్రోమియం, 0.7 శాతం లోపు కార్బన్ ఉన్న సాదా స్టీలు. ఏఈబీ-ఎల్ అనే స్టీలు పుట్టిందే రేజర్ బ్లేళ్ళ కోసం. రాయి మీద సరిగ్గా పడితే ఏ స్టీలైనా చేతి మీద వెంట్రుకలు లేపుతుంది. ప్రీమియం స్టీలుకి మనం డబ్బు పెట్టేది ఆ పదును ఎన్నాళ్ళుంటుంది, తుప్పు పడుతుందా, అంచు పెచ్చులు లేస్తుందా అనే మూడింటి కోసం, పైగా ఈ మూడూ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతుంటాయి, ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది.

అపోహ: హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ సీ గట్టిదనం) నంబర్ ఎంత ఎక్కువుంటే పదును అంత ఎక్కువ కాలం నిలుస్తుంది

ఇది సగం నిజం, అందుకే పోవట్లేదు. రాక్‌వెల్ సీ టెస్టులో చేసేది ఏంటంటే వజ్రపు మొనని 150 కిలోల బరువుతో స్టీలులోకి నొక్కి ఎంత లోతు దిగిందో చూడటం, అంతే. నంబర్ ఎక్కువున్న స్టీలు అంచు తొందరగా పక్కకి ఒరగదు, ఆ మేరకు లాభమే. కానీ అట్టలు కోసేటప్పుడు అంచుని తినేసేది ఒరగడం కాదు, అరుగుడు. అట్టలో సన్నటి మట్టి, సిలికా రేణువులు ఉంటాయి, అవి గీకుతూ పోతాయి. దానికి అడ్డుపడేవి స్టీలులో ఉన్న కార్బైడ్లు, అంటే కార్బన్ క్రోమియం, వనేడియం లాంటి లోహాలతో కలిసి కట్టిన గట్టి గింజలు, అన్ని కార్బైడ్లూ ఒకటి కాదు, క్రోమియం కార్బైడ్ వికర్స్ లెక్కలో (గట్టిదనానికి ఇంకో కొలత) 1500-1800 మధ్య ఉంటే వనేడియం కార్బైడ్ 2800 దగ్గర ఉంటుంది.

అందుకే 9 శాతం వనేడియం ఉన్న ఎస్90వీ 60 హెచ్ఆర్‌సీ దగ్గరున్నా సరే, 62 దగ్గరున్న ఏఈబీ-ఎల్‌ని అట్టల కోతలో తేలిగ్గా దాటేస్తుంది. షెఫీల్డ్‌లో కాట్రా అనే సంస్థ ఉంది, వాళ్ళ మెషిన్ 5 శాతం సిలికా కలిపిన కార్డు కట్టని బ్లేడు మీద ముందుకీ వెనక్కీ కోయిస్తూ ఎన్ని మిల్లీమీటర్లు తెగిందో లెక్కపెడుతుంది. స్టీలు కంపెనీలు వేసే పదును చార్టులు చాలావరకు దాని నుంచి వచ్చినవే. మంచి టెస్టే, కానీ అది కొలిచేది అరుగుడు ఒక్కటే, మీరు గట్టి కర్ర చెక్కుతూ కత్తిని పక్కకి తిప్పితే ఏమవుతుందో ఆ చార్టు చెప్పదు. అక్కడ ఎస్90వీ పెచ్చులు లేచిపోతే ఏఈబీ-ఎల్ నిక్షేపంగా ఉంటుంది. మొద్దుబారిన కత్తి వస్తే నేను ముందు భూతద్దం పెట్టి అంచు చూస్తా, దీపం కింద అంచు పొడవునా సన్నటి తెల్ల గీతలా మెరిస్తే అది అరిగింది, ఒక పక్కకే మెరిస్తే ఒరిగింది, చిన్న చిన్న నెలవంకల్లాంటి గాట్లుంటే పెచ్చులు లేచింది. ఈ మూడింటికీ "స్టీలు బాలేదు" అనే ఒకే తీర్పు ఇస్తారు, నిజానికి మూడింటికీ మందు వేరు.

అపోహ: బ్లేడు మీద స్టీలు పేరు చూస్తే కత్తి ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది

నన్నడిగితే అన్నింటికన్నా ఎక్కువ డబ్బు వృథా చేయించేది ఇదే. కోతలో స్టీలు పేరుది మూడో స్థానం. మొదటిది అంచు ఎంత సన్నగా ఉంది, ఏ కోణంలో ఉంది అన్నది. రెండోది హీట్ ట్రీట్మెంట్, అంటే స్టీలుని వేడిచేసి చల్లార్చి గట్టిపరిచే పని.

అంచు సంగతి చూద్దాం. పదును పట్టిన భాగానికి సరిగ్గా పైన కాలిపర్ పెట్టి కొలిస్తే కొన్ని కత్తులు 0.3 మిల్లీమీటర్లు ఉంటాయి, కొన్ని 0.7 కూడా ఉంటాయి. ఆ 0.7 ఉన్నది ఎం390 లాంటి ప్రీమియం స్టీలు అయినా సరే అట్టలో ఇరుక్కుంటుంది, మీరు బలం పెట్టాలి, 0.3 ఉన్న 14సీ28ఎన్ అనే సాదా స్టీలు కత్తి మాత్రం వెన్న కోసినట్టు పోతుంది. కోణం కూడా అంతే, ఒక్కో పక్కకి 20 డిగ్రీలున్నదాన్ని 15కి దించితే కోత తేలికవడమే కాదు, పదును నిలిచే కాలం కూడా పెరుగుతుంది. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది, సన్నగా ఉంటే తొందరగా పోవాలి కదా అని. కాస్త అరిగినా సన్నటి అంచు ఇంకా కోస్తూనే ఉంటుంది, లావు అంచు మాత్రం ఆ కాస్త అరుగుడుకే చేతులెత్తేస్తుంది. స్టీలుకి ఆ కోణాన్ని తట్టుకునే బలం ఉన్నంతవరకు ఇది పనిచేస్తుంది, మరీ కిందికి దించితే పెచ్చులు మొదలవుతాయి, ఎక్కడ ఆపాలో స్టీలుని బట్టి, పనిని బట్టి.

ఇక హీట్ ట్రీట్మెంట్. ఎం390ని 1150 డిగ్రీల దగ్గర వేడిచేసి చల్లారుస్తారు, తర్వాత టెంపరింగ్ (పెళుసుదనం తగ్గడానికి మళ్ళీ కాస్త వేడిచేయడం) 200 దగ్గరైనా చేయొచ్చు, 500 పైనైనా చేయొచ్చు. రెండు దారుల్లోనూ హెచ్ఆర్‌సీ దాదాపు ఒకటే రావొచ్చు. కానీ ఎక్కువ వేడి దగ్గర టెంపర్ చేస్తే లోపల కలిసున్న క్రోమియం కొంత సన్నటి కార్బైడ్లుగా విడిపోతుంది, దాంతో తుప్పుని ఆపే శక్తి తగ్గుతుంది. అదే పేరు, అదే నంబర్, ఒకటి చెమటకి మచ్చపడుతుంది ఇంకోటి పడదు. పెట్టె మీద ఇదేమీ రాయరు. అందుకే పేరున్న స్టీలుని తెలియనివాడి దగ్గర కొనే కన్నా సాదా 420హెచ్‌సీ అయినా దాన్ని బాగా వేడిపెట్టడం తెలిసినవాడి దగ్గర కొనడం మేలు.

అపోహ: క్రోమియం శాతం ఎక్కువుంటే తుప్పు పట్టదు

స్టెయిన్‌లెస్ అనడానికి 10.5 శాతం క్రోమియం ఉండాలని ఒక గీత ఉంది, దాన్ని పట్టుకుని అందరూ లెక్కలేస్తారు. డీ2 అనే స్టీలులో 12 శాతం దగ్గర ఉంటుంది, మాగ్నాకట్ అనే ఇంకో స్టీలులో 10.7 మాత్రమే. ఆ లెక్కన డీ2 గెలవాలి. జరిగేది మాత్రం రివర్స్, డీ2ని తడిగా వదిలేస్తే మచ్చలు పడతాయి, మాగ్నాకట్ చాలా ఖరీదైన స్టెయిన్‌లెస్‌ల కన్నా బాగా తట్టుకుంటుంది.

కారణం ఏంటంటే తుప్పుని ఆపేది స్టీలులో కరిగి ఉన్న క్రోమియం మాత్రమే, కార్బైడ్లలో చిక్కుకున్నది కాదు. డీ2లో 1.5 శాతం కార్బన్ ఉంది, అది కనపడిన క్రోమియాన్నల్లా పట్టుకుని కార్బైడ్లు చేసేసుకుంటుంది, బయట మిగిలేది తక్కువ. ఎం390లో 20 శాతం ఉన్నా అందులో పెద్ద వాటా ఇలాగే కార్బైడ్ల పాలవుతుంది, మొత్తం ఎక్కువ కాబట్టి మిగిలింది సరిపోతుంది. మెటలర్జిస్ట్ లారిన్ థామస్ తయారుచేసిన మాగ్నాకట్ 2021లో వచ్చింది, అందులో అసలు కిటుకు ఇదే. కార్బన్‌ని 1.15కి దించి, 4 శాతం వనేడియం, 2 శాతం నియోబియం పెట్టి, కార్బైడ్లు వాటితోనే కట్టేలా చూశాడు, క్రోమియం కార్బైడ్లు దాదాపు లేవు, క్రోమియం అంతా తుప్పు ఆపే పనికే మిగిలింది. పెద్ద కార్బైడ్లు లేకపోవడం వల్ల పెళుసుదనం కూడా తగ్గింది. ఈ మధ్య వచ్చిన వాటిలో హడావుడికి తగ్గ సరుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఉప్పునీళ్ళలో పనైతే ఎల్‌సీ200ఎన్ లాంటివి ఇంకా నయం, కార్బన్ చాలావరకు తగ్గించి ఆ స్థానంలో నైట్రోజన్ వాడిన రకం, మొదట బేరింగుల కోసం చేసింది. అరుగుడు దగ్గర మాత్రం అది మధ్యస్థమే, అన్నీ ఒకేచోట దొరకవు.

ఇంకో మాట, ఫినిషింగ్ కూడా చూసుకోండి. ఇసకలాంటి పూసలు కొట్టి గరుకుగా చేసిన బ్లేడు ఆ సన్న గుంటల్లో తడి పట్టుకుంటుంది, అదే స్టీలు నున్నగా పాలిష్ చేస్తే అంత తేలిగ్గా మచ్చ పడదు.

అపోహ: పౌడర్ స్టీలు అంటే ఎక్కువ గట్టిది

పౌడర్ అనేది తయారీ పద్ధతి. కరిగిన స్టీలుని గ్యాస్‌తో చిన్న చుక్కలుగా చిమ్మి, గడ్డకట్టిన పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దచేస్తారు. చుక్క చిన్నది కాబట్టి క్షణంలో గడ్డకడుతుంది, కార్బైడ్లకి పెద్దగా పెరిగే టైం దొరకదు, సన్నగా అన్నిచోట్లా సమంగా పరుచుకుంటాయి. దీంతో పెళుసుదనం తగ్గుతుంది, సాన పట్టడం తేలికవుతుంది, గట్టిదనం దానంతట అది పెరగదు. ఎస్90వీ లాంటి వనేడియం ఎక్కువున్న రకాలని మామూలుగా పోతపోస్తే కార్బైడ్లు గడ్డలు కట్టి పనికిరాకుండా పోతాయి, వాటికి పౌడర్ తప్పదు. తక్కువ కార్బైడ్లున్న ఏఈబీ-ఎల్, 14సీ28ఎన్‌లకి మామూలు పోతలోనే కార్బైడ్లు సన్నగా వస్తాయి, వాటికి పౌడర్ చేసి సాధించేది పెద్దగా లేదు.

అపోహ: కొత్తగా వచ్చిందే బెస్ట్

ఒకే వరసలో స్టీళ్ళు చూడండి, ఎస్30వీ 2001లో, ఎస్35వీఎన్ 2009లో, ఎస్45వీఎన్ 2019లో వచ్చాయి. ఒక్కో మెట్టులో ఏదో కాస్త సర్దారు, మొదట కొంత వనేడియం తీసి నియోబియం పెట్టారు, తర్వాత క్రోమియం పెంచారు. అట్ట కోసేవాడికి కళ్ళకి గంతలు కట్టి మూడూ ఇస్తే ఏది ఏదో చెప్పలేడు. ఎం390, 20సీవీ, 204పీ అయితే కూర్పు దాదాపు ఒకటే, కంపెనీలు వేరు, వాటిలో ఏది గొప్పదని కొట్టుకునేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

అపోహ: అయస్కాంతానికి అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదు

కత్తికి వాడే స్టెయిన్‌లెస్‌లు దాదాపు అన్నీ అంటుకుంటాయి. అంటుకోనివి గిన్నెలకి, సింకులకి వాడే రకాలు. డమాస్కస్ (వేర్వేరు స్టీళ్ళు పొరలుగా కలిపి చేసిన బ్లేడు) గీతల సంగతీ ఇలాంటిదే, ఆ అలలు అందం కోసం, కోసేది అంచు దగ్గర ఏ స్టీలు పడిందో అది.

అపోహ: సూపర్ స్టీళ్ళకి ఇంట్లో సాన పట్టలేం

పట్టొచ్చు, రాయి మార్చాలి అంతే. మామూలు సానరాళ్ళలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ వికర్స్‌లో 2100 దగ్గర, వనేడియం కార్బైడ్ 2800 అని పైన చెప్పా కదా, అంటే రాయి కన్నా స్టీలులో గింజలే గట్టివి. వాటి చుట్టూ ఉన్న స్టీలు అరుగుతుంది, కార్బైడ్లు మాత్రం అలాగే మొండిగా నిలబడతాయి. సిలికాన్ కార్బైడ్ రాయి కాస్త నయం, అదీ వనేడియం కార్బైడ్‌ని దాటదు. డైమండ్ ప్లేటు కానీ సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) రాయి కానీ తీసుకోండి, గొడవ పోతుంది. 14సీ28ఎన్, ఏఈబీ-ఎల్ లాంటివాటికి ఈ ఖర్చు అక్కర్లేదు, ఏ రాయైనా చాలు.

అయితే "నా స్టీలు సాన పట్టట్లేదు" అని వచ్చే కత్తుల్లో చాలావాటికి రాయి కారణం కాదు, బర్ర్. ఒక పక్క రుద్దుతుంటే రెండో పక్కకి కంటికి కనపడనంత సన్నటి రేకు ఒకటి లేస్తుంది, బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు దాటించి మెల్లగా లాగితే (అంచు వెంబడి కాదు, వేలు పోతుంది) గోరుకి చిన్నగా తట్టుకుంటుంది. ఆ రేకు మొత్తం పొడవునా వచ్చేదాకా ఆ పక్క ఆపకూడదు, వచ్చాక రెండో పక్క, ఆ తర్వాత బరువు పూర్తిగా తీసేసి అటొకసారి ఇటొకసారి తేలిగ్గా లాగి రేకుని పోగొట్టాలి. ఇక్కడే తప్పుతారు, రేకు పోకముందే పేపర్ కోసి చూస్తారు, కోస్తుంది, సంబరపడతారు, రెండు పెట్టెలు కోయగానే రేకు విరిగి అంచు మొద్దుగా మిగులుతుంది, తప్పు స్టీలు మీద పడుతుంది.

అపోహ: కొత్త కత్తి తొందరగా మొద్దుబారితే స్టీలు నకిలీ

తొందరపడొద్దు. ఫ్యాక్టరీలో చివరి పదును బెల్టు మీద పొడిగా, వేగంగా పెడతారు. అంచు చివర అతి సన్నగా ఉంటుంది కాబట్టి ఆ రాపిడికి క్షణంలో వేడెక్కి, టెంపరింగ్ చేసిన వేడిని దాటేసి మెత్తబడొచ్చు. బ్లేడంతా చల్లగానే ఉంటుంది, రంగు మారినా ఆ మారిన చోటు కూడా బెల్టుతోనే కొట్టుకుపోతుంది, అందుకని ఏ గుర్తూ మిగలదు. రాయి మీద చేత్తో, నీళ్ళు పోసుకుంటూ ఒకటికి రెండుసార్లు పదును పెడితే ఆ చెడిపోయిన సన్న పొర పోయి కింద అసలు స్టీలు బయటికొస్తుంది. అప్పుడు అదే పెట్టెలు కోసి చూడండి. అప్పటికీ నిలవకపోతే అంచు కోణం కొలవండి, అదీ బాగుంటే ఇక హీట్ ట్రీట్మెంట్‌నే అనుమానించాలి, అది మాత్రం నా రాయి మీద బాగయ్యేది కాదు, కొన్నచోటే అడగాలి.