స్లైట్ రిస్క్ అన్న రోజునే విరుచుకుపడ్డ టోర్నడో

1999 మే 3 ఉదయం ఓక్లహోమాలోని నార్మన్ నుంచి వెలువడిన అంచనాలో "స్లైట్ రిస్క్" అని ఉంది. అమెరికా మొత్తానికీ తీవ్రమైన ఉరుముల వానల ముప్పును లెక్కగట్టే స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఉండేది ఆ ఊళ్లోనే. అప్పటి మూడు మెట్లలో స్లైట్ అన్నిటికన్నా కిందిది. ఆ సాయంత్రం బ్రిడ్జ్ క్రీక్, మూర్ ఊళ్ల మీదుగా 61 కిలోమీటర్లు సాగిన ఒక టోర్నడో 36 మందిని పొట్టన పెట్టుకుంది. ట్రక్కు మీద గాలి వేగాన్ని కొలిచే డాప్లర్ రాడార్ బిగించుకుని వెంటాడిన పరిశోధకులు అందులో గంటకు 480 కిలోమీటర్లు దాటిన గాలిని నమోదు చేశారు.

పొద్దుటి అంచనా వేసినవాళ్లను తప్పుపట్టడం తేలిక. నేను మాత్రం పట్టను. ఏప్రిల్, మే నెలల్లో ఆ మైదానాల మీద ముడిసరుకు తరచూ సిద్ధంగానే ఉంటుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి నేలను అంటుకుని ఉత్తరానికి వస్తుంది. నైరుతిలోని ఎత్తైన ఎడారుల నుంచి పొడి వేడిగాలి దాని మీదికి ఎక్కుతుంది. ఇంకా పైన, చాలా ఎత్తున వేగంగా సాగే గాలి ప్రవాహం, జెట్ స్ట్రీమ్. మధ్యలోని ఆ వేడి పొర ప్రెషర్ కుక్కర్ మూతలా తేమగాలిని పైకి లేవనివ్వదు. వాతావరణ నిపుణులు దాన్ని క్యాప్ అంటారు. అది రోజంతా బిగిసి ఉంటే ఒక్క చినుకూ పడదు. పొద్దున్నే తెగిపోతే ఎక్కడపడితే అక్కడ మేఘాలు లేచి, ఒకదాన్నొకటి అడ్డుకుని చల్లారిపోతాయి. మధ్యాహ్నం దాకా ఆగి, నాలుగైదు చోట్లే తెగితేనే ప్రమాదం: పోటీ లేని మేఘం అందిన తేమనంతా లాక్కుని పెరుగుతుంది.

నేల దగ్గర గాలి ఆగ్నేయం నుంచి, కొన్ని కిలోమీటర్ల పైన నైరుతి నుంచి అంతకు ఎన్నో రెట్ల వేగంతో వీస్తుంటే, మధ్యలోని గాలి అడ్డంగా దొర్లుతుంది. పైకి లేచే మేఘం ఆ దొర్లుడును నిలువుగా లేపుతుంది. అలా మేఘానికి మేఘమే తిరగడం మొదలుపెడితే అది సూపర్‌సెల్, టోర్నడోను దించగల మేఘం.

ఆ రోజు పల్చటి ఎత్తు మేఘాలు ఎండను ఆపుతున్నాయి. ఎండ లేకపోతే క్యాప్ తెగుతుందా అన్నదే టెన్షన్. బెలూన్లు, విమానాలు, రాడార్లు పంపే కొత్త లెక్కలు అందుతున్నకొద్దీ అంచనా మారుతూ వచ్చింది. మధ్యాహ్నానికి ముందే రెండో మెట్టు మోడరేట్, నాలుగు కొట్టేలోపు పైమెట్టు హై. సాయంత్రం 6:57కి నార్మన్ వాతావరణ కార్యాలయం తన నియమావళిలో లేని మాటను వాడింది: "టోర్నడో ఎమర్జెన్సీ". అలాంటి ప్రకటన రావడం అదే మొదటిసారి.

ఇప్పటి రాడార్ తెర మీద ఇంకా ఎక్కువ కనబడుతుంది. మేఘం నైరుతి అంచున కొక్కెంలా వంపు తిరిగిన వాన. దాని కొసన ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి: ఒకటి రాడార్ నుంచి దూరంగా పోయే గాలి, మరొకటి రాడార్ వైపు వచ్చేది. గాల్లో ఉన్నవన్నీ ఒకే రకమో కాదో చూపే ఇంకో రాడార్ బొమ్మలో సరిగ్గా అదే చోట ఒక మచ్చ పడిందంటే, అక్కడున్నవి వాన చుక్కలు కావు. చెక్కలు, రేకులు, చెట్ల కొమ్మలు గాల్లో తిరుగుతున్నాయి. చీకట్లో, వాన చాటున టోర్నడో కంటికి కనిపించనప్పుడు ఈ మచ్చే సాక్ష్యం. ఈ సాంకేతికత అమెరికా రాడార్లన్నిటికీ అందింది 2013 నాటికే.

అయినా 2019 మే 20న లెక్క రెండో వైపు తప్పింది. ముందుగానే హై రిస్క్ ప్రకటించారు, ఓక్లహోమా సిటీ చుట్టుపక్కల బడులు మూసేశారు. టోర్నడోలు వచ్చాయి, కానీ భయపడినంత విధ్వంసం జరగలేదు. ఆ రోజు మ్యాపు మీద కొంత ప్రాంతానికి 45 శాతం అని రాశారు. ఒక చోటు నుంచి 40 కిలోమీటర్లలోపు ఎక్కడైనా టోర్నడో రావడానికి ఉన్న అవకాశం అది. మీ ఇంటి మీదికి రావడానికి కాదు. సూపర్‌సెల్స్‌లో ఎక్కువ భాగం అసలు టోర్నడోనే దించవు. పక్కపక్కన ఉన్న రెండిట్లో ఒకటే ఎందుకు దించుతుందో తేల్చడానికి పరిశోధకులు ఇప్పటికీ ఏటా వాటి కిందికే వెళ్తున్నారు.

డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో ఉండే మన తెలుగువాళ్లకు ఇది దూరపు వార్త కాదు. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్‌లోనే టోర్నడో తిరిగింది. అక్కడి టోర్నడో హెచ్చరికలు రెండు రకాలు. వాచ్ అంటే చాలా కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి, కొన్ని గంటలపాటు సిద్ధంగా ఉండమని చెప్పడం. వార్నింగ్ అంటే ఇప్పుడే, మీ చోటుకే. చేతిలో ఉండేది ఇంచుమించు పది నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. టెక్సాస్ ఇళ్లలో చాలావాటికి బేస్‌మెంట్ ఉండదు కాబట్టి కింది అంతస్తులో, కిటికీలు లేని నడిమి బాత్‌రూమ్ గానీ క్లోజెట్ గానీ ముందే చూసుకోవాలి. సైరన్లు పెట్టింది ఆరుబయట ఉన్నవాళ్ల కోసం. తలుపులు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోయేవాళ్లకు అవి వినబడకపోవచ్చు. విసుగొచ్చి ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆపేసుకున్నవాళ్లు దయచేసి ఈ రోజే మళ్లీ ఆన్ చేసుకోండి.