బాస్కాసిల్ వరద: తప్పంతా వానదేనా?

2004 ఆగస్టు 16న ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ ఉత్తర తీరంలో ఉన్న బాస్కాసిల్ అనే చిన్న ఊరిని వరద ముంచెత్తింది. వందకు పైగా వాహనాలు కొట్టుకుపోయాయి. ఇళ్ల కప్పులెక్కిన వాళ్లతో సహా సుమారు వంద మందిని హెలికాప్టర్లు ఎత్తుకొచ్చాయి. పట్టపగలు కావడం కలిసొచ్చింది, ఒక్కరూ చనిపోలేదు.

ఆ మధ్యాహ్నం సముద్రపు గాలి, నేల మీది గాలి తీరం వెంబడి ఎదురెదురై పైకి లేచాయి. ఉరుముల మబ్బులు ఒకదాని వెనక ఒకటి పుట్టి, అదే దారిలో కురుస్తూ పోయాయి. పక్కనున్న ఆటర్‌హామ్‌లో ఆ రోజు 200 మిల్లీమీటర్ల వాన పడింది. అందులో ఎక్కువ భాగం 5 గంటల్లోనే. కొద్ది మైళ్ల అవతల మాత్రం నేల సరిగ్గా తడవను కూడా లేదు.

పడిన నీళ్లు ఇంకడానికి వ్యవధి లేదు. వాలెన్సీ, జోర్డన్ అనే రెండు ఏర్లు ఊళ్లోనే కలుస్తాయి. మన ఉత్తరాంధ్ర గెడ్డల్లా ఇవీ కొండల మీంచి నిటారుగా దిగి, కాస్త దూరం పారగానే సముద్రంలో పడతాయి. ఒక్క గంటలో నీటిమట్టం 2 మీటర్లు పెరిగింది.

అసలు విధ్వంసం మాత్రం వంతెన దగ్గర మొదలైంది. పైనుంచి కొట్టుకొచ్చిన చెట్లు, ఏటి పక్క పార్కింగ్‌లోంచి లేచిన కార్లు ఇరుకు వంతెన కింద అడ్డం పడ్డాయి. దారి మూసుకుపోయిన నీళ్లు వీధిలోకి మళ్లాయి. దుకాణాలు, ఇళ్లు కలిపి 50కి పైగా మునిగాయి, నాలుగు కట్టడాలు నేలమట్టమయ్యాయి.

కార్లు అక్కడెందుకున్నాయంటే దానికీ ఒక కథ ఉంది. 1584లో కట్టిన రేవు చుట్టూ, పలకరాయి ఎగుమతి మీద బతికిన ఊరిది. 1893లో రైలు ఆ ప్రాంతానికి వచ్చాక సరుకు అటు మళ్లింది, రేవు పడుకుంది. ఆ తర్వాత పర్యాటకులే బతుకుతెరువు. లోయలో కాస్త చదునైన నేల ఏటిగట్టునే కాబట్టి పార్కింగూ అక్కడే. ఆగస్టంటే సీజన్, జాగా నిండిపోయి ఉంటుంది.

ఏరు పొంగడం ఊరికి కొత్తేమీ కాదు. 1847లో పొంగింది, 1958లో ఒకరిని బలి తీసుకుంది, 1963లో మళ్లీ వచ్చింది. పొరుగున డెవన్ తీరంలోని లిన్మత్‌లో 1952 ఆగస్టు 15 రాత్రి ఇలాంటి వరదకే 34 మంది పోయారు. అక్కడా ఏటిని ఇరుకు చేసి కట్టడాలు లేపారు, అక్కడా చెట్లూ బండలూ వంతెనలకు అడ్డం పడ్డాయి. ఆ తర్వాత లిన్మత్ ఏటిని వెడల్పు చేసుకుంది. బాస్కాసిల్‌కు ఆ బుద్ధి రావడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది, అదీ తానే మునిగాక.

2008 నాటికి సుమారు 46 లక్షల పౌండ్ల పని పూర్తయింది. వాలెన్సీని వెడల్పు చేసి లోతు తవ్వారు, పార్కింగ్ ఎత్తు పెంచారు, జోర్డన్ పారే భూగర్భ కాలువను పెద్దది చేశారు, కింది వంతెనను మార్చారు. పనులు నడుస్తుండగానే 2007 జూన్‌లో ఏరు మరోసారి పొంగింది, కానీ నష్టం ముందటి దాంతో పోల్చేంత లేదు. అయితే ఈ ఏర్పాట్లేవీ 2004 అంతటి వరదను పూర్తిగా ఆపేవి కావు. అంతటిదాన్ని ఆపాలంటే ఏటిని ఇంకా తవ్వాలి, అప్పుడు జనం చూడ్డానికొచ్చే పాత రేవు రూపమే మిగలదు.