గోదావరి జిల్లాల డీటీపీ షాపులు పాత ఫాంట్లను ఎందుకు వదల్లేదు?

శుభలేఖ కానీ, కరపత్రం కానీ, వ్రతకథల పుస్తకం కానీ, గోదావరి జిల్లాల్లో ఏది అచ్చు వేయించాలన్నా మేటర్ ముందుగా డీటీపీ షాపుకే, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే చోటికే వెళ్తుంది. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం షాపుల్లో పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దాని మీద ‘అను’ పేరుతో వచ్చిన పాత తెలుగు ఫాంట్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. కస్టమరు ఫోన్‌లో యూనికోడ్ (ఏ మెషిన్‌లోనైనా ఒకేలా చదువుకోగల ప్రమాణం) తెలుగులో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన మేటర్‌ను ఆపరేటర్ మళ్లీ మొదటి నుంచి కొడతాడు. లేదంటే కన్వర్టర్‌లో వేసి, విరిగిన వత్తులను ఒక్కొక్కటిగా దిద్దుకుంటాడు. కొత్తది నేర్చుకోవడానికి బద్ధకం అంటారు చాలామంది. ఆ మాట అన్యాయం. ఈ పరిస్థితి వెనుక ముప్పై ఏళ్ల లైసెన్సుల చరిత్ర ఉంది, తెలుగు లిపికి కావాల్సిన సదుపాయాలు ఆలస్యంగా, అరకొరగా అందిన చరిత్ర ఉంది.

రాజమండ్రికి అచ్చుపని కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, తర్వాత ఆ ఊళ్లోనే సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. కొండపల్లి వీరవెంకయ్య, గొల్లపూడి వీరాస్వామి పేర్లతో నడిచిన ప్రచురణ సంస్థలు పురాణాలు, వ్రతకథలు ఇక్కడి నుంచే ఊరూరికీ పంపాయి. ఆ రోజుల్లో సీసపు అక్షరాలు ఒకసారి కొంటే అవి ప్రెస్సువే. అరిగిపోయేదాకా వాడుకోవచ్చు, పక్క ప్రెస్సుకి అరువివ్వవచ్చు. ఇన్ని మెషిన్ల మీదే వాడాలి అనే షరతు ఉండేది కాదు.

కంప్యూటర్ రావడంతో అక్షరం సాఫ్ట్‌వేర్ అయింది. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రాములు 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వస్తాయి. అంటే షాపు కొనేది అక్షరాలను కాదు, వాటిని వాడుకునే అనుమతిని. ఒక లైసెన్సు ఒక సిస్టమ్‌కే. కొన్ని ప్యాకేజీలకు డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం) కూడా ఉండేది, అది పెడితేనే ఫాంట్లు పనిచేసేవి. ఫాంట్ లేని చోటికి ఫైల్ పంపాల్సి వస్తే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో అక్షరాలన్నిటినీ కర్వ్స్ (అంటే ఉత్త బొమ్మ గీతలు) చేసి పంపడం అప్పుడే అలవాటైంది. ఆ తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ మొదటి షాపుకే పరుగెత్తాలి. ఫ్లెక్సీల దగ్గర ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు.

అప్పటి ఫాంట్‌లో అక్షరాల ఆకారాలు పెట్టుకునే గళ్లు 256 మాత్రమే. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నీ అందులో పట్టవు. అందుకని తలకట్టు వేరు, ఒళ్లు వేరు, వత్తు వేరుగా ముక్కలు చేసి సర్దారు. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంది. ఒకరి ఫాంట్‌లో కొట్టిన మేటర్‌కు ఇంకొకరి ఫాంట్ పెడితే అర్థంలేని గీతలు వస్తాయి. లైసెన్సు ఫాంట్‌కే అనుకుంటాం గానీ, నిజానికి రాసిన మాట కూడా దానికే కట్టుబడిపోయింది. నా దృష్టిలో ఈ కథలో అసలు నష్టం ఇదే.

అయితే ముక్కలుగా ఉండటం వల్ల ఆపరేటర్‌కు ఒక స్వేచ్ఛ మిగిలింది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘ఉత్ప్రేక్ష’ లాంటి మాటల్లో ఒక హల్లు కింద రెండు వత్తులు వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆపరేటర్ ఒక వత్తును పట్టుకుని కాస్త పక్కకి జరిపేవాడు. మంచి ఆపరేటర్ చేతిలో శుభలేఖ ఎంతో అందంగా వచ్చేది. యూనికోడ్‌లో ఆ పని ఫాంట్‌లో రాసిన ఓపెన్‌టైప్ నియమాలు, అంటే ఏ ఆకారం ఎక్కడ కూర్చోవాలో చెప్పే సూచనలు చేయాలి. ఫాంట్ చేసినవాళ్లు ఆ నియమం రాయకపోతే షాపులో ఎంత అనుభవమున్నా పెద్దగా చేయగలిగేది లేదు. వత్తు పొజిషన్ గురించి ఈ షాపుల వాళ్లు అడిగేది గొంతెమ్మ కోరిక కాదు, నిన్నటిదాకా వాళ్ల చేతిలో ఉన్న పనే.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం చాలా వెనకబడింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రానే రాదు. పేజ్‌మేకర్ తర్వాత అడోబీ కంపెనీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు సరైన ఏర్పాటు 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తో గానీ రాలేదు. అదీ సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ కంపోజర్ అనేది ఎంచుకుంటేనే, లేకపోతే వత్తులు విడిపోతాయి. మరుసటి ఏడాదే అడోబీ చందా పద్ధతికి మారింది. సదుపాయం అందే వేళకి ఒక్కసారి కొనుక్కుని వాడుకునే దారి మూసుకుపోయింది. పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు డబ్బులు చూసి, ఆషాఢంలో ఖాళీగా కూర్చునే షాపుకు నెలనెలా చందా అంటే టెన్షనే.

పోనీ మనమే ఫాంట్ చేసుకుందామంటే? ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఫాంటోగ్రాఫర్ 1986 నాటిది, ఓపెన్‌టైప్ కంటే పదేళ్లు ముందు పుట్టింది. ఫాంట్‌ల్యాబ్ ఐదో వెర్షన్ తర్వాతిది 2017 చివర్లో వచ్చింది. 2011లో వచ్చిన గ్లిఫ్స్ సుఖంగా ఉంటుంది కానీ మ్యాక్ మీదే నడుస్తుంది. ఫాంట్‌ఫోర్జ్ పూర్తిగా ఉచితం, ఓపెన్‌టైప్ నియమాలూ అందులో రాయవచ్చు. కాకపోతే గురువు లేకుండా దాన్ని పట్టుకోవడం కష్టం, తెలుగులో నేర్పేవాళ్లు అరుదు.

2012లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర కలిసి ఉచిత యూనికోడ్ ఫాంట్లు విడుదల చేయడం పెద్ద మలుపు. ఎన్టీఆర్, మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, పెద్దన లాంటివి ఇప్పుడు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లోనూ దొరుకుతాయి. ఈ లైసెన్సు కింద ఎన్ని సిస్టమ్‌లలోనైనా వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. విడిగా ఫాంట్‌గా అమ్ముకోవడం మాత్రం కుదరదు. శుభలేఖలకు, ఫ్లెక్సీలకు ఇవి బాగా పనికొచ్చాయి.

పంచాంగానికి, పద్యానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ అరసున్న కావాలి, తెలుగు అంకెలు కావాలి, ౘ, ౙ కావాలి. ఈ రెండు అక్షరాలూ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లు (అచ్చు లేని ‘న్’ గుర్తు) అయితే 2021 దాకా రాలేదు. ప్రమాణం మారినప్పుడల్లా ఫాంట్‌ను ఎవరో ఒకరు సవరించాలి, లేకపోతే అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఉచితంగా విడుదల చేయడానికి ఒకసారి నిధులు దొరికితే చాలు, సవరణలకు ఏటా కావాలి. డబ్బు పెడితే ఎలా ఉంటుందో టిరో తెలుగు అనే ఫాంట్ చూస్తే తెలుస్తుంది. మన ప్రాచీన గ్రంథాలను అచ్చువేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం తయారైన ఆ అక్షరాలు తర్వాత ఉచిత లైసెన్సులోకి వచ్చాయి. పద్యాలు చదువుకోవడానికి ఎంతో హాయిగా ఉంటాయి.

ఇక మిగిలింది పాత ఫైళ్ల సంగతి. ప్రచురణకర్తల దగ్గర, షాపుల హార్డ్‌డిస్కుల్లో ఉన్న వేల పేజీలు పాత కోడింగ్‌లోనే ఉన్నాయి. డాంగిల్ పాడైనా, పాత విండోస్ సిస్టమ్ కాలిపోయినా అవి తెరుచుకోవు. కొత్త ఫాంట్ ఎంత గొప్పదైనా వాటిని చదవలేదు. ఏ గడిలో ఏ ముక్క ఉందో చెప్పే పట్టికలను ఫాంట్ కంపెనీలు అందరికీ ఇవ్వాలి. ఫాంట్లు ఉచితంగా ఇమ్మని ఎవరూ అడగడం లేదు. పట్టికలుంటే చాలు, సరైన కన్వర్టర్లు రాయడానికి మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలే సరిపోతారు.