సిస్టర్ మళ్లీ పేరు అడిగితే విసుక్కోకండి

కోనసీమలో ఏ ఆసుపత్రి వార్డులోనైనా 'సత్యనారాయణ గారూ' అని పిలిస్తే ఇద్దరు పలుకుతారు. అన్నవరం స్వామి దయ. ఒకాయనకి హెర్నియా, ఇంకొకాయనకి మోకాలు. అందుకే థియేటర్ గుమ్మంలో సిస్టర్, "మీ పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పండి బాబాయ్ గారూ. ఏ వైపు ఆపరేషన్?" అని అడుగుతుంది. చీటీలో ఉందిగా అని ఆయన విసుగు. చీటీ మారిపోవచ్చు కాబట్టే ఆయన నోటితో చెప్పించేది.

"పొద్దున్నేమైనా తిన్నారా?"

"ఆయ్, ఏం తినలేదండి. టీ ఒక్కటే."

మత్తు డాక్టరుకి టెన్షన్ అక్కడే మొదలు. కడుపులో పాల టీ ఉంటే, మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ వాయిదా పడుతుంది. బంధువులకు కోపమొస్తుంది, రానివ్వండి.

ఇలాంటి ప్రశ్నలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టుగా చేసింది. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు అందరూ ఆగి, పైకి చదివి సరిచూసుకోవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఇతర చిక్కులు 11 నుంచి 7కి తగ్గాయని 2009లో తేలింది. అయితే కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రులన్నీ దీన్ని అమలు చేశాక చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో ఇంకో అధ్యయనం చెప్పింది.

ఏదీ సరిచూడకుండా కాగితం మీద టిక్కులు కొట్టడం ఎంతసేపు? అమెరికాలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు ఐసీయూల్లో పెద్ద రక్తనాళంలో గొట్టం వేసేటప్పుడు పాటించాల్సిన అయిదు పనుల జాబితా పెట్టారు. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచీ అన్నీ తెలిసినవే. కొత్తదల్లా, డాక్టరు ఒక్కటి వదిలేసినా ఆపే హక్కు నర్సుకివ్వడం. మిషిగన్ ఐసీయూల్లో ఇన్‌ఫెక్షన్లు బాగా పడిపోయాయి. నా లెక్కలో అసలు మందు ఆ హక్కే. పెద్ద డాక్టరు గారికి ఎదురు మాట్లాడటం మన దగ్గర అంత తేలిక కాదు మరి.

ఆపరేషన్లో వాడే గాజుగుడ్డల దగ్గర ఆ హక్కు విలువ బాగా తెలుస్తుంది. నెత్తుట్లో తడిసిన గుడ్డ కడుపులో పేగుల మధ్య కలిసిపోతుంది, కంటికి ఆనదు. అందుకే లోపలికెళ్లినవీ బయటికొచ్చినవీ ఇద్దరు కలిసి పైకి లెక్కపెడతారు. "ఒకటి తగ్గిందండి" అని సిస్టర్ అంటే, ఎంత పొద్దుపోయినా కుట్లు ఆపి బకెట్లో, బల్ల కింద, కడుపులో వెతకాల్సిందే. అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే తీస్తారు. అందులో కనబడాలనే ఆ గుడ్డల్లో ఒక ప్రత్యేకమైన దారం కలిపి నేస్తారు.